మిద్దె మీది నాడెలు

మా ఆయనకు పోలీసులు సన్మానం చేస్తామన్నప్పుడు, అది ఎలాగైనా ఆగిపోవాలని నేను దేవుడికి మొక్కుకున్నాను. హాలులో కరెంటు పోవాలని, మైకు చెడిపోవాలని, రావలసిన పెద్దసారుకు జ్వరం రావాలని రోజూ దీపం పెట్టి మరీ అడిగాను. ఎవరి పెళ్లామైనా ఇలా మొక్కుకుంటుందా అనుకోకండి. మా గల్లీలో ఉండి, మా ఆయన చేసిన పని మీ ఆయన చేసి ఉంటే మీరూ మొక్కుకునేవారే.

ఇది తొంభైల నడుమ మాట. అప్పటికి మేం బొంబాయి దగ్గరి భివండికి వచ్చి పన్నెండేళ్లు దాటింది. రెండు ఆటోలు ఎదురైతే ఒకటి వెనక్కి పోక తప్పని గల్లీలో, కామత్‌ఘర్‌లో ఉండేవాళ్లం. ముందు గదిలో నా కిరాణా దుకాణం, వెనక గదిలో మా కాపురం. మా ఆయన సాంచాల మాస్టరు. మరమగ్గాన్ని మావాళ్లు, అంటే బతుకుతెరువుకు వచ్చిన తెలుగు నేతవాళ్లు, సాంచా అంటారు. మాస్టరంటే బడి పంతులు కాదు, ఆగిపోయిన సాంచాను నడిపించేవాడు. గల్లీలోని కార్ఖానాలు, మావాళ్లవైనా ముస్లింలవైనా, చాలావరకు ఆయన చేతి మీదే నడిచేవి. కింద సాంచాలు, పైన కాపురాలు. పని పడితే ఆయన ఎవరింటి మెట్లయినా ఎక్కి మిద్దె దాకా పోయేవాడు. ఎవరూ అడ్డుచెప్పేవారు కాదు. పానా పట్టినవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు కానీ, అట్లా మెట్లెక్కనిచ్చే నమ్మకం అందరికీ దొరకదు. మాకు అన్నం పెట్టింది ఆ నమ్మకమే.

ఆ రోజుల్లో పండగ వస్తుందంటే నాకు భయం. పాత హిందూ ముస్లిం గొడవలను ఎవరూ మర్చిపోలేదు, ఎవరూ నోటితో ఎత్తేవాళ్లూ కాదు. వినాయక నిమజ్జనం కానీ, రాఖీ పున్నమికి మా పద్మశాలీలు తీసే మార్కండేయుడి రథం కానీ, ముస్లింల జులూస్ కానీ, ఏది దగ్గరపడినా దుకాణానికి వచ్చే ఆడవాళ్లు అవసరానికి మించి పిండీ నూనే కొనుక్కుపోయేవారు. సరుకు పోతోందని సంతోషించాల్సిందాన్ని, వాళ్ల సంచుల బరువు చూసి హడలిపోయేదాన్ని.

అలాంటి ఒక వానాకాలంలో పోలీసు ఠాణా వాళ్లు గల్లీకి ఒకరిద్దరు మనుషులు కావాలన్నారు. జీతం లేదు. పండగ రోజుల్లో చౌరస్తాలో నిలబడాలి, జనాన్ని చూసుకోవాలి, ఏదైనా తేడా కనిపిస్తే చెప్పాలి. మా ఆయన పోయి పేరు రాయించుకుని వచ్చాడు. నన్ను అడగనైనా అడగలేదు. ఫోటో అంటించిన కార్డు ఒకటి, చేతికి కట్టుకునే పట్టీ ఒకటి, సీటీ ఒకటి తెచ్చి నా కౌంటరు మీద పెట్టాడు. విశేష పోలీసు అధికారి అని కార్డు మీద మరాఠీలో రాసి ఉంది. ఫోటోలో మాత్రం పట్టుబడ్డ దొంగలా ఉన్నాడు.

"ఏందయ్యా ఇది? సాంచాలు సరిపోతలేవా నీకు?" అన్నాను.

"ఏం లేదే. పండుగ పూట సౌరస్త కాడ నిలవడుడు, అంతే."

"రేపు గల్లీల ఎవడన్న ఠాణాల పడితే నీ పేరే చెప్తరు. పోలీసోళ్ల ఖబరీ అంటరు. కార్ఖానాల అడుగు పెట్టనియ్యరు."

"నేను ఎవని మీద చెప్తనే?" అని నవ్వాడు. ఆ నవ్వూ ఆ మాటా నాకు ఇప్పటికీ గుర్తున్నాయి, ఎందుకంటే తర్వాత చాలా ఏళ్లు ఆ మాట మా ఇంట్లో ఎవరూ అనలేదు.

మూడేళ్లు అలా నిలబడ్డాడు. ఉత్తగా నిలబడ్డాడని అనుకునేరు. మొదటి ఏడు నిమజ్జనానికి మా గల్లీ మూల మీదికి ఊరేగింపు వచ్చేసరికి మసీదులో నమాజు వేళయింది. ఒప్పుకున్న ప్రకారం డోలు ఆపాలి. కుర్రాళ్లు పూనకంలో ఉన్నారు, ఆపరు. ఈయన సీటీ ఊదాడు, ఎవరికి వినిపిస్తుంది. నేరుగా పోయి డోలు తోలు మీద రెండు అరచేతులూ పెట్టి నిలబడ్డాడు. కొట్టేవాడి కర్ర ఈయన వేళ్ల మీద రెండుసార్లు పడింది. మూడోసారి వాడే ఆగిపోయాడు. వాచిన వేళ్లతో వారం రోజులు పానా పట్టలేక, దారం పోగులు నాతో ముడి వేయించుకున్నాడు.

ఇంకో ఏడు, నల్లా నీళ్లలో ఎవరో ఏదో కలిపారని పుకారు లేచింది. ఎవరు కలిపారన్నది ఏ ఇంటికి ఆ ఇంట్లో వేరువేరుగా చెప్పుకున్నారు. బిందెలన్నీ ఖాళీగా పెట్టుకుని ఆడవాళ్లం నల్లా చుట్టూ నిలబడి ఉంటే, ఈయన పట్టీ కట్టుకుని వచ్చి, అందరూ చూస్తుండగా దోసిలి పట్టి కడుపు నిండా తాగాడు. తాగి, అక్కడే అరుగు మీద గంటసేపు కూర్చున్నాడు, చూసుకోండి అన్నట్టు. ఎదురింటి ఖాలా లేచి తన బిందె పట్టుకుంది. తర్వాత మేమందరం పట్టుకున్నాం. ఇంటికి వచ్చాక నేను తిట్టాను, తిడుతూనే ఏడ్చాను.

ఖాలా అంటే మా ఎదురింటి ముస్లిం ముసలమ్మ. భర్త లేడు. కింద ఎనిమిది సాంచాలు, పెద్దకొడుకు నడిపేవాడు. నన్ను బేటీ అనేది. పొద్దున నల్లా దగ్గర మేమిద్దరం ఒకరి వంతు ఒకరం చూసుకునేవాళ్లం. ఆ మూడో ఏడు ఆమె చిన్నకూతురికి పెళ్లి కుదిరింది. నిమజ్జనానికి పదిహేను రోజుల ముందు దుకాణానికి వచ్చి, ఖాళీ చక్కెర సంచులుంటే ఇమ్మంది. పెళ్లి వంటకు కట్టెలు పోగు చేస్తున్నానని చెప్పింది. ఆరు సంచులు దులిపి ఇచ్చాను. ఇది నేను మా ఆయనకు చెప్పలేదు. సంచులిచ్చిన సంగతి మొగుడికి చెప్పే పెళ్లాం ఎక్కడైనా ఉంటుందా?

నిమజ్జనం ఇంకా నాలుగు రోజులుందనగా ఖాలా వాళ్ల సాంచాలకు కరెంటు సరిగా రావడం లేదని ఈయనను పిలిచారు. స్తంభం నుంచి వచ్చే తీగ చూడడానికి మిద్దె ఎక్కాడు. వీధి వైపు గోడను ఆనుకుని, నీలం ప్లాస్టిక్ కాగితం కింద, ఆరు సంచులు కనిపించాయి. మూతి విప్పి చూస్తే నిండా పాత నాడెలు. దారం కండెను కడుపులో పెట్టుకుని సాంచా మీద అటూ ఇటూ పరుగెత్తే గట్టి కొయ్యను నాడె అంటాం. రెండు కొనలకూ ఇనుప మొనలుంటాయి. సాంచా మీద నుంచి తప్పి ఎగిరితే మనిషి కన్ను పోతుంది. అట్లా పోయినవాళ్లు మా ఎరుకలోనే ఇద్దరున్నారు.

మా ఆయన బుర్ర సాంచాల మనిషి బుర్ర. పాత నాడెలను పొయ్యికి వాడేవాళ్లు ముందు ఇనుప మొనలు ఊడగొట్టుకుంటారు, వీటికి మొనలు అలాగే ఉన్నాయి. కట్టెలైతే వానాకాలంలో ఎవరైనా ఇంట్లో పెట్టుకుంటారు, మిద్దె మీద పెట్టరు. పెట్టినా మధ్యలో పెడతారు కానీ, సరిగ్గా ఊరేగింపు పోయే వీధి మీదికి వంగిన గోడ దగ్గర పెట్టరు. వేరే మనిషైతే చెక్కముక్కలని చూసి దిగిపోయేవాడు. ఈయనకు మాత్రం అవి నాలుగు రోజుల తర్వాత జనం తలల మీద పడుతున్నట్టే కనిపించాయి. దిగి వచ్చి, ఖాలా ఇచ్చిన చాయ్ తాగి, ఆమెను ఒక్క మాట అడగకుండా, నన్ను ఒక్క మాట అడగకుండా ఠాణాకు పోయాడు. ఇంట్లో కూడా చెప్పవద్దని అక్కడ నేర్పారట. మూడేళ్లలో నా దగ్గర ఆయన దాచింది అదొక్కటే.

మరునాడు పొద్దున జీపు వచ్చింది. పోలీసులు మిద్దె మీది నుంచి సంచులు కిందికి తోశారు. కుట్లు తెగి నాడెలు బురదలో చెల్లాచెదురుగా పడ్డాయి. ముందు ఖాలా వాళ్ల సాంచాలు ఆగాయి, తర్వాత పక్కవి, ఆ తర్వాత ఇంకోటి, అలా గల్లీ చివరిదాకా ఆగిపోయాయి. పగటిపూట అంత నిశ్శబ్దం మా గల్లీలో ఎప్పుడూ లేదు. ఖాలా పెద్దకొడుకును జీపెక్కించుకుని పోయారు. ఆమె గడపలో నిలబడి పెళ్లి కట్టెలు, పెళ్లి కట్టెలు అంటూనే ఉంది. నేను కౌంటరు వెనక నిలబడి బురదలో నా చక్కెర సంచులను చూశాను.

మధ్యాహ్నం ఆయన అన్నానికి కూర్చున్నప్పుడు మొదలుపెట్టాను.

"ఎవడో నాశనమైపోయేటోడు ఖాలా మీద చెప్పిండు. గవి పెండ్లి కట్టెలు. ఇంటికి సున్నం ఏపిస్తున్నరని కట్టెలు మిద్దె మీదికి ఎక్కిచ్చిండ్రు. మొనలు ఊడగొట్టెతందుకు వంటోళ్లు వస్తమన్నరట. సంచులు నేనే ఇచ్చిన."

ఆయన చెయ్యి పళ్లెంలోనే ఉండిపోయింది.

"సంచులు నువ్విచ్చినవా?"

"ఆరు చక్కెర సంచులు. ఏం, గదీ తప్పేనా?"

"నాకెందుకు చెప్పలే?"

ఆ గొంతు విని నాకు అర్థమైపోయింది. నేను తిట్టింది ఎవరినో నాకు తెలిసిపోయింది. ఆయన చెయ్యి కడుక్కుని లేచాడు. "పోయి ఖాలా కొడుకును తోలుకొస్త" అని మాత్రం అన్నాడు.

సాయంత్రం దాకా ఠాణాలో కూర్చుని, తన కార్డు చూపించి, ఆ ఇంటికి నేను పూచీ అని సంతకం పెట్టి, పిల్లవాణ్ని వెంటబెట్టుకుని వచ్చాడు. పిల్లవాడంటే ముప్పై ఏళ్లవాడు. ఇద్దరూ పక్కపక్కన నడుచుకుంటూ గల్లీలోకి వస్తుంటే జనం బయటికొచ్చి చూశారు. మాస్టర్ లేకపోతే ఇంకెన్ని రోజులు పెట్టుకునేవాళ్లో అన్నారు. ఖాలా మా ఆయన చెయ్యి తీసుకుని కళ్లకద్దుకుంది. ఆయన నేల చూపులు చూస్తూ నిలబడ్డాడు. నేను షట్టరు దించేసి లోపలికి పోయాను. నాకు సిగ్గేసింది, ఆ సిగ్గు వెనకనే భయం వేసింది. నిజం మా ఇద్దరికీ, ఠాణాకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలిసిననాడు మా బతుకేమిటి?

నిమజ్జనం ఏ గొడవా లేకుండా అయిపోయింది. ఖాలా కూతురి పెళ్లి కూడా అయింది. బురద కడిగి ఎండబెట్టిన ఆ నాడెల మంట మీదనే వంటలు చేశారు. మా ఆయన పొద్దంతా వడ్డించాడు. కార్ఖానా పనికి ఒక్కరోజు కూడా సెలవు పెట్టని మనిషి ఆ పెళ్లికి మూడు రోజులు పెట్టాడు. ఇంటికొచ్చాక ఒకసారి నన్ను అడిగాడు, "గదే సంచులు మనోళ్ల మిద్దె మీద ఉంటే ఠాణాకు పోతుంటినా?" అని. పోయేవాడు కాదని మా ఇద్దరికీ తెలుసు. మెట్లు దిగి, "ఏందివి?" అని అడిగి ఉండేవాడు.

నాలుగు నెలలు గడిచాయి. చలి రోజుల్లో ఒక కానిస్టేబులు దుకాణానికి వచ్చి, పేరు సరిగా ఉందో లేదో చూసుకోమని ఒక కాగితం ఇచ్చాడు. పండగల్లో సాయం చేసినవాళ్లకు వచ్చే శుక్రవారం బడి హాలులో సన్మానమట. కాగితం మరాఠీలో ఉంది. మరాఠీ బడిలో ఏడో తరగతి చదివే మా బిడ్డ వాళ్ల బాపు ముందు నిలబడి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. ఒక ఇంటి మిద్దె మీద దాచిపెట్టిన ప్రమాదకరమైన వస్తువుల గురించి సమయానికి సమాచారమిచ్చి పెద్ద అనర్థం తప్పించినందుకు, అన్న చోట దాని గొంతు తగ్గిపోయింది.

"బాపూ, ఇది ఖాలా వాళ్ల ఘర్ కదా?" అంది.

నేను కాగితం లాక్కున్నాను. దుకాణంలో ఎవరైనా ఉన్నారేమోనని చూశాను. ఎవరూ లేరు.

ఆయన ఠాణాకు పరుగెత్తాడు. అప్పటి సారు బదిలీ అయిపోయాడు. కొత్తసారు మంచివాడే, కూర్చోబెట్టి మాట్లాడాడట. ఏం దొరికిందో ఠాణా పుస్తకంలో ఉంది, అవి కట్టెలని తర్వాత ఎవరూ రాయలేదు. నేను చౌరస్తాలో నిలబడ్డానని రాయండి సాబ్, అది చాలు, అని మా ఆయన బతిమాలాడు. నిలబడడం అందరూ నిలబడ్డారు, దానికేం రాస్తాం, సమాచారం ఇచ్చింది నువ్వొక్కడివే అని సారు నవ్వి భుజం తట్టాడట. మొహమాటపడుతున్నాడని అనుకున్నట్టున్నాడు. కాగితాలు అప్పటికే అచ్చుకు పోయాయి.

నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. డోలు మీద పెట్టిన చేతులు ఏ పుస్తకానికీ ఎక్కలేదు. నల్లా దగ్గర తాగిన నీళ్లు ఎక్కలేదు. తప్పిపోయిన పిల్లలను నా కౌంటరు మీద కూర్చోబెట్టి, అమ్మలు వచ్చేదాకా బిస్కెట్లు తినిపించినది ఎక్కలేదు. మసీదు ముందు నుంచి ఊరేగింపు పోయినంతసేపూ ముస్లింల పెద్దాయన చెయ్యి పట్టుకుని జనానికి ముందు వెనక్కి వెనక్కి నడిచాడు, అదీ ఎక్కలేదు. మూడేళ్లలో ఒక్క తప్పు చేస్తే, ఆ తప్పుకు శాలువా కప్పుతామంటున్నారు.

"జరం వచ్చిందని పండుకో. లేకుంటే ఊరికి పో" అన్నాను.

"నేను పోకున్న కాగితం సదువుతరు. మైకుల నా పేరు పిలుస్తరు."

అది నిజమే. ఆ వారమంతా నాకు తూకం నిలవలేదు. అరకిలో అడిగినవాళ్లకు కిలో కట్టాను. ఖాలా ఉప్పుకు వస్తే ఆమె ముఖం చూడకుండా లోపల పని ఉన్నట్టు నటించాను. తెలుగు కార్ఖానా ఆసామి భార్య వచ్చి, మీ ఆయనకు సన్మానమట కదా, ఏం చేశాడని, అని అడిగింది. నిలబడ్డాడు అన్నాను. శుక్రవారం సాంచాలకు సెలవు, గల్లీ అంతా హాలుకు పోతుంది. దుకాణం ఎత్తేసి నాగావ్ వైపు ఎక్కడైనా ఇల్లు చూసుకోవాలా అని కూడా ఆలోచించాను.

గురువారం మధ్యాహ్నం ఆయన చొక్కా మార్చుకున్నాడు.

"ఖాలాకు చెప్పొస్త" అన్నాడు.

"పిచ్చి లేసిందా? చేతులార మన కొంప ముంచుతవా?"

"రేపు ఎట్లయిన మునుగుతది. ఇయ్యాల నా నోటితోని చెప్తే మనిషినన్న అయిత."

గల్లీ దాటి ఆమె గడప ఎక్కాడు. నేను కౌంటరు వెనక నిలబడి ఆ తలుపు వంక చూస్తూ ఉన్నాను. చుట్టూ సాంచాల మోత. లోపల కేకలు వేసుకున్నా ఇవతలికి వినపడదు. ఆమె పెద్దకొడుకు లోపలే ఉన్నాడా, బయటికి పోయాడా? ఎవరో సబ్బు అడిగారు, అగ్గిపెట్టె ఇచ్చాను. ఆ తలుపు తీసేసరికి ఎంతసేపైందో చెప్పలేను. ఆయన నెమ్మదిగా గల్లీ దాటి వచ్చి, పిండి బస్తా మీద కూర్చున్నాడు.

"ఏమన్నది?"

"ఆమెకు అప్పటిసందే తెలుసట."

నా చేతిలోని తక్కెడ కింద పెట్టేశాను.

"గా వారం మా మిద్దె ఎక్కింది నువ్వొక్కనివే అన్నది. కొడుకును తోలుకొచ్చిననాడు నువ్వు నా మొకం సూడలే, అప్పుడే తెలిసింది అన్నది. నువ్వే వచ్చి చెప్తవని నాలుగు నెల్లు సూసిన, కాగితం వచ్చినంక వచ్చినవ్ అన్నది."

నాలుగు నెలలు ఆమె నాతో నల్లా దగ్గర నీళ్లు పట్టుకుంది. నా దగ్గర ఉప్పు కొనింది. బేటీ అని పిలిచింది.

"కొడుక్కు ఎరుక లేదట. రాత్రికి ఆమెనే చెప్తదట. ఇంకోటి అడిగింది." ఆయన తల ఎత్తి నా వైపు చూశాడు. "రేపు మైకుల మా ఇంట్ల ప్రమాదం సామాన్లు దాసినమని సదువుతరు. ఊరంత వింటది. దానికేం చేస్తవ్, అని అడిగింది."

ఈ వారం రోజుల్లో ఆ ఆలోచన నాకు ఒక్కసారి కూడా రాలేదు. నా దుకాణం, నా మొగుడి పని, మా గడప, వీటి గురించే ఏడ్చాను. ఆమె ఇంటి పేరు మైకులో బురదపాలవుతుందని తట్టలేదు. అది ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంది.

శుక్రవారం హాలు నిండిపోయింది. మైకు ఖణేల్‌మని మోగింది, కరెంటు పోలేదు, పెద్దసారు ఆరోగ్యంగా వచ్చాడు. ఖాలా రాలేదు. ఆమె పెద్దకొడుకు మూడో వరుసలో కూర్చున్నాడు. ఆడవాళ్ల వైపు నుంచి నాకు అతని మెడా, ఒక చెవీ మాత్రమే కనపడుతున్నాయి. తల్లి చెప్పిందో లేదో, చెబితే ఏమన్నాడో ఆ మెడను బట్టి తెలుసుకోవాలని చూశాను. అతను కదలలేదు.

మా ఆయన పేరు పిలిచారు. కాగితం చదివారు. మిద్దె అన్నప్పుడు మా గల్లీవాళ్ల తలలు ఒక్కొక్కటిగా ఆ మూడో వరుస వైపు తిరిగాయి. తర్వాత స్టేజీ వైపు తిరిగాయి. అర్థం చేసుకోవడానికి వాళ్లకు ఎంతసేపు పడుతుంది? శాలువా కప్పారు, కొబ్బరికాయ చేతిలో పెట్టారు. చప్పట్లు సగంలోనే తగ్గిపోయాయి. సన్మానం అయినవాళ్లు అవతలి మెట్ల వైపు దిగిపోవాలి. ఈయన దిగలేదు. కదలకుండా నిలబడ్డాడు. కానిస్టేబులు మోచెయ్యి పట్టుకుని దారి చూపించాడు. ఈయన మైకు దగ్గరికి నడిచాడు. ఈయన జన్మలో మైకు ముట్టిన మనిషి కాదు.

వచ్చిన హిందీలో, ఆగి ఆగి చెప్పాడు. అవి ప్రమాదకరమైన వస్తువులు కావు సాబ్, పెళ్లి కట్టెలు. ఆ ఇంట్లో ఏ తప్పూ లేదు. అడిగితే చెప్పేవాళ్లు. అడగకుండా ఠాణాకు పోయింది నేను. అంతే చెప్పాడు. శాలువా జారిపోతుంటే ఎత్తుకోవడం కూడా చేతకాలేదు.

పెద్దసారు కొంచెం ఇబ్బందిగా నవ్వి, మాస్టరు చాలా సాదా మనిషి అని మైకులో అన్నాడు. తర్వాతి పేరు పిలిచారు.

బయటికి వచ్చేసరికి మా వాళ్లు కొందరు మమ్మల్ని చూడనట్టే పోయారు. మావాళ్లలోనే ఒక ఆసామి, ఠాణాకు పోయేటోని తోని మనకేంది అని నాకు వినపడేటట్టు అన్నాడు. రెండు కార్ఖానాల నుంచి ఆయనకు ఆరు నెలలు పిలుపు రాలేదు. ఆ రెండూ మావాళ్లవే. ఖాలా పెద్దకొడుకు మాత్రం గేటు దగ్గర ఆగి ఉన్నాడు. నేను మా ఆయన చొక్కా పట్టుకుని ఆపబోయాను. అతను ముఖంలో ఏమీ కనపడనివ్వకుండా, "మాస్టర్, రెండో నంబరు సాంచా ఆగింది. రేపు రా" అన్నాడు.

మరునాడు ఈయన పానాల సంచి తీసుకుని పోయాడు. కార్ఖానా గుమ్మంలో, పనివాళ్లందరి ముందు, అతను చెయ్యి అడ్డం పెట్టి ఆపాడట. "ముందు మిద్దె ఎక్కి చూసి రా మాస్టర్. తర్వాత సాంచా చూడు." మా ఆయన సంచి కింద పెట్టి, మెట్లెక్కి, ఖాళీ మిద్దె మీద కాసేపు నిలబడి, దిగి వచ్చి పనిలో కూర్చున్నాడు.

సన్మానం తర్వాత కూడా మా ఆయన ఇంకా తొమ్మిదేళ్లు పండగలకు పట్టీ కట్టుకున్నాడు. ఏదైనా అనుమానం వస్తే ముందు ఆ ఇంటి తలుపే కొట్టి అడిగేవాడు. కొందరు తిట్టి పంపేవారు, ఎక్కువమంది చాయ్ ఇచ్చి చెప్పేవారు. ఖాలా ఉన్నన్నాళ్లూ మా దుకాణంలోనే ఉప్పు కొనింది. ఆమె కొడుకు ఆ మిద్దె మాటను మానలేదు. మొదటి ఏడు కోపంతో అన్నాడు, తర్వాత అలవాటుగా అన్నాడు, ఇంకొన్నేళ్లకు అది వేళాకోళమైపోయింది. ఈయన గడప తొక్కగానే "మాస్టర్, ముందు మిద్దె" అనేవాడు. పనివాళ్లు నవ్వేవారు, అతనూ నవ్వేవాడు, వాళ్లతో పాటు మా ఆయనా నవ్వేవాడు. ఆ కార్ఖానాకు పోయి వచ్చిన రోజు మాత్రం ఆయన అన్నం సగంలోనే లేచేవాడు. ఎందుకని నేను ఎన్నడూ అడగలేదు.